హోంబ్రూ సబ్‌క్లాస్ రాయడం ఎలా: ఒక్క టర్న్‌తో మొదలుపెట్టండి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలతో, తలా ఒక పాత్రగా ఆడే కథల ఆట) ఆడేవాళ్ళ నుంచి ఈ ప్రశ్న నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. "అన్నా, సొంతంగా ఒక సబ్‌క్లాస్ రాశాను. మా డీఎం ఒప్పుకోవడం లేదు. ఎక్కడ తప్పుందో చెప్పు." క్లాస్ అంటే ఫైటర్, బార్డ్ లాంటి పాత్ర రకం, సబ్‌క్లాస్ అందులో ఒక శాఖ, హోంబ్రూ అంటే ఇలా సొంతంగా రాసుకున్నది, డీఎం అంటే ఆట నడిపేవాడు. పంపినవి చదివితే ఐడియా బాగానే ఉంటుంది, రాసిన వరసే తప్పు. పేరు, వెనక కథ, ఇరవయ్యో లెవెల్‌లో వచ్చే మహాశక్తి ముందే రాసేస్తారు. మూడో లెవెల్‌లో ఆ క్యారెక్టర్ తన టర్న్‌లో, అంటే తన వంతులో, ఏం చేస్తుందన్నది మాత్రం చివరికి వదిలేస్తారు.

ఇక్కడ చెప్పేదంతా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌కి సంబంధించినది. లెక్కలు 2014 రూల్స్ ప్రకారం వేశాను. 2024 రూల్స్‌లో సబ్‌క్లాస్ లెవెళ్ళు మారినచోట చెబుతాను. ఉదాహరణకి మా బుర్రకథ బార్డ్‌ను (బార్డ్ అంటే పాటలతో, కథలతో మంత్రాలు వేసే క్లాస్) తీసుకుంటాను. బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాట్‌లో ఆదివారాలు నడిచే గేమ్ కోసం, మాతో ఆడే ఒక అనంతపురం కుర్రాడు అడిగితే రాసింది అది. మొదటి వెర్షన్ ఘోరంగా ఉండేది. అదీ చూపిస్తాను.

## 1. కూర్చునే ముందు దగ్గర ఉండాల్సినవి

- ఎస్ఆర్‌డీ 5.1 పీడీఎఫ్, అంటే ఆట మూల రూల్స్ ఉన్న పత్రం. ఉచితం. ప్రతి క్లాస్‌కి ఒక సబ్‌క్లాస్ పూర్తిగా ఉంటుంది. మీ కొలబద్ద అదే.
- మీ పార్టీలో (కలిసి ఆడే జట్టులో) మిగతా వాళ్ళ క్యారెక్టర్ షీట్లు. ఫొటోలైనా చాలు.
- కాలిక్యులేటర్.
- ఒక తెల్ల కాగితం. సబ్‌క్లాస్ మొత్తం దీనికి ఒకవైపే పట్టాలి. పట్టకపోతే ఏదో ఎక్కువైనట్టే.
- డీఎం దగ్గర రెండు జవాబులు: ఈ గేమ్ ఏ లెవెల్ దాకా వెళ్తుంది? ఒక సెషన్‌లో ఎన్ని ఫైట్లు?

ఆఖరిది అడగకుండా రాయొద్దు. ఎందుకో ఏడో మెట్టులో వస్తుంది.

## 2. టర్న్ వాక్యం రాయండి

మా కుర్రాడు మొదట చెప్పింది: "ఊళ్ళకు ఊళ్ళను కదిలించే కథకుడన్నా." వినడానికి బాగుంది, ఆడటానికి అందులో ఏమీ లేదు. అందుకని ఇలా అడిగాను: "మూడో లెవెల్. ఎదురుగా నలుగురు గోబ్లిన్లు. నీ వంతొచ్చింది. ఏం చేస్తావ్?"

కాసేపు గోడకేసి చూశాడు. "ఏముందన్నా, తంబూరా మీటి కథెత్తుకుంటా. పక్కన ఇద్దరు వంతలు అందుకుంటారు. ఒకడు నవ్వించాల, ఇంగొకడు ఎదుటోణ్ణి ఎత్తిపొడవాల."

డిజైన్ మొత్తం అందులోనే ఉంది. బుర్రకథ చూసినవాళ్ళకి తెలుసు: నడుమ కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. దాన్ని గేమ్ భాషలోకి మారిస్తే వాక్యం ఇలా తేలింది: "బోనస్ యాక్షన్‌తో ఒక మిత్రుడికి ఇన్‌స్పిరేషన్ ఇస్తాను, అదే ఊపులో మనవాళ్ళను నవ్విస్తాను, లేదా ఒక శత్రువును ఎత్తిపొడుస్తాను." (టర్న్‌లో అసలు పని యాక్షన్, దానితో పాటు చేసే చిన్న పని బోనస్ యాక్షన్, సాధారణంగా ఇంకొకరి టర్న్‌లో వాడేది రియాక్షన్. ఇన్‌స్పిరేషన్ అంటే మిత్రుడు తన రోల్‌కి కలుపుకునే అదనపు పాచిక.)

ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవాలి. ఆ ఇద్దరు వంతలు నిజంగా టేబుల్ మీద నిలబడతారా? నిలబడితే ఇంకో రెండు బొమ్మలు, రెండు హిట్ పాయింట్ల (ప్రాణబలం) లెక్కలు. ఒకే ఆటగాడి చేతిలో మూడు టర్న్‌లు, మిగతా నలుగురూ ఫోన్లు చూసుకోవడం. వాళ్ళను గొంతులుగానే ఉంచాం. వినిపిస్తారు, కనిపించరు.

మీ వాక్యాన్ని ఇలా పరీక్షించుకోండి:

- అందులో యాక్షన్, బోనస్ యాక్షన్, రియాక్షన్‌లలో ఏదో ఒకటి ఉందా?
- ఆ పని ఎవరి మీద పడుతుందో తెలుస్తోందా?
- మీ పార్టీలో ఇంకెవరైనా ఇప్పటికే అదే పని చేస్తున్నారా? చేస్తుంటే వాళ్ళ సరదా మీరు లాక్కుంటున్నట్టే. మార్చండి.

## 3. ఎంత మార్చాలో తేల్చుకోండి

మూడు సైజులున్నాయి: ఒక ఫీచర్ (క్లాస్ ఇచ్చే శక్తి) తీసి ఇంకొకటి పెట్టడం, సబ్‌క్లాస్ రాయడం, పూర్తి క్లాస్ రాయడం. మూడోది వద్దు. 2014 రూల్స్ నడిచిన కాలమంతటిలో ఈ ఆట తయారుచేసే కంపెనీవాళ్ళే మొదటి పన్నెండు క్లాస్‌లకి అధికారికంగా చేర్చిన కొత్త క్లాస్ ఆర్టిఫిసర్ ఒక్కటే. సెలవు రోజుల్లో రాసే మనకు ఇరవై లెవెళ్ళ క్లాస్ ఎందుకు?

చాలాసార్లు మొదటి సైజే సరిపోతుంది. "కత్తికి బదులు కర్రసాము చేసే ఫైటర్ కావాలి" అంటే సబ్‌క్లాసే అక్కర్లేదు. క్వార్టర్‌స్టాఫ్ చేతికిచ్చి, రూల్స్ జోలికి పోకుండా వర్ణన మార్చండి.

## 4. గదులు లెక్కపెట్టండి

సబ్‌క్లాస్ ఫీచర్లు ఎక్కడబడితే అక్కడ రావు. ప్రతి క్లాస్‌కి గదులు ముందే కట్టి ఉన్నాయి. బార్డ్‌కి 3, 6, 14 లెవెళ్ళు. ఫైటర్‌కి 3, 7, 10, 15, 18. రోగ్‌కి 3, 9, 13, 17. 2014లో విజార్డ్ 2లో, క్లెరిక్ 1లోనే సబ్‌క్లాస్ మొదలుపెడతారు. 2024 రూల్స్‌లో అందరికీ 3లోనే మొదలు. బార్డ్ గదులు రెండింట్లోనూ ఒకటే కాబట్టి మా పని తేలికైంది.

ఏ గదిలో ఏం పెట్టాలి? నా పద్ధతి: మొదటి గదిలో టర్న్ వాక్యం మొత్తం రావాలి. నడిమి గదుల్లో కనీసం ఒకటి ఫైట్ బయట పనికొచ్చేది. చివరి గది బహుమతి. అక్కడ కొత్త రూల్ నేర్పించొద్దు, పాతదాన్నే పెద్దది చేయండి. అసలు సరుకంతా 14లో దాచిపెట్టి, 3లో రెండు స్కిల్ ప్రొఫిషియన్సీలు (నైపుణ్యాలు) చేతిలో పెట్టడం నేను ఎక్కువగా చూసే తప్పు. మా టేబుల్‌లో ఏ క్యాంపెయిన్ (సెషన్ల తరబడి సాగే కథ) కూడా 10 దాటలేదు. ఆ లెక్కన ఆ సరుకు ఎవరికీ అందదు.

గదులతో పాటు టర్న్‌లో ఖాళీ ఎక్కడుందో కూడా చూడాలి. బార్డ్‌కి యాక్షన్ మంత్రాలకు పోతుంది, బోనస్ యాక్షన్ ఇన్‌స్పిరేషన్‌కు పోతుంది, కాన్‌సన్‌ట్రేషన్ (మంత్రం నిలబెట్టే ఏకాగ్రత) ఎప్పుడూ ఏదో ఒక మంత్రం మీద ఉంటుంది. మీరు ఇంకో బోనస్ యాక్షన్ ఫీచర్ రాస్తే అది ఇన్‌స్పిరేషన్‌తో పోటీ పడి, ఎప్పుడూ ఏదో ఒకటి మూలన పడి ఉంటుంది. అందుకే మేం కొత్త యాక్షన్ కనిపెట్టలేదు. ఇన్‌స్పిరేషన్ ఇచ్చే క్షణానికే వంతలను తగిలించాం.

## 5. కొలబద్దలు రెండు పెట్టుకోండి

ఒకే సబ్‌క్లాస్‌తో పోల్చుకుంటే మోసపోతారు. ఫైటర్‌నే చూడండి. ఐదో లెవెల్, స్ట్రెంగ్త్ 18, చేతిలో గ్రేట్‌స్వోర్డ్, ఎదురుగా ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 15. ఎటాక్ బోనస్ +7, అంటే ఇరవై ముఖాల పాచికలో 8 లేదా అంతకన్నా ఎక్కువ పడితే తగులుతుంది: నూటికి 65. ఒక దెబ్బకి సగటున 2డి6 (రెండు ఆరుముఖాల పాచికలు) అంటే 7, దానికి స్ట్రెంగ్త్ ఇచ్చే 4 కలిపితే 11. రెండు ఎటాక్‌లకు 14.3, క్రిటికల్స్ (20 పడితే డ్యామేజ్ పాచికలు రెట్టింపు) కలిపితే టర్న్‌కి దాదాపు 15.

ఈ లెవెల్‌లో ఛాంపియన్ అనే ఫైటర్ సబ్‌క్లాస్‌కి అదనంగా వచ్చేది 19 పడినా క్రిటికల్ అవ్వడం. దాని విలువ టర్న్‌కి 0.7. రోజులో పన్నెండు టర్న్‌లు కొట్టుకున్నా 8.4 డ్యామేజ్. అదే బ్యాటిల్ మాస్టర్ అనే ఇంకో ఫైటర్ సబ్‌క్లాస్‌కి నాలుగు డి8లు, షార్ట్ రెస్ట్ (చిన్న విశ్రాంతి) తీసుకోగానే తిరిగొస్తాయి. నాలుగూ డ్యామేజ్‌కే పోతే 18. రోజుకి రెండు షార్ట్ రెస్ట్‌లు ఉంటే 54, పైగా శత్రువును పడగొట్టడం, భయపెట్టడం లాంటివి అదనం.

రెండూ పుస్తకంలో ఉన్నవే, రెండూ అధికారికమే. మీది ఈ రెంటి మధ్యలో, బలమైనదానికి కాస్త కిందగా ఉండాలి. "ఛాంపియన్ కన్నా కొంచెం బాగుంది, అంతే కదా" అన్నది వాదన కాదు. ఛాంపియన్ కన్నా అన్నీ బాగుంటాయి.

## 6. లెక్క వేయండి

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. లెక్కలంటే టెన్షన్ పడక్కర్లేదు, సగటులు గుర్తుంటే చాలు: డి4 అంటే 2.5, డి6 అంటే 3.5, డి8 అంటే 4.5, డి10 అంటే 5.5, డి12 అంటే 6.5. తగిలే అవకాశం నూటికి 65 అనుకోండి.

ముందు ఒక చిన్న మాట తేడా. "తగిలిన ప్రతిసారీ 1డి6 అదనం" అని రాస్తే, పై ఫైటర్‌కి టర్న్‌కి దాదాపు 4.9 పెరుగుతుంది. 15 మీద 4.9 అంటే మూడో వంతు. యాక్షన్ సర్జ్ (ఫైటర్‌కి ఇంకో యాక్షన్ ఇచ్చే ఫీచర్) వాడిన టర్న్‌లో ఇంకో అంత. "టర్న్‌కి ఒకసారి, మొదట తగిలినప్పుడు 1డి6 అదనం" అని రాస్తే 3 చిల్లర. ఎటాక్‌లు పెరిగినా అది పెద్దగా పెరగదు. మీ ఫీచర్‌లో "ప్రతిసారీ" అన్న మాట కనబడితే ఆగి, ఆ క్లాస్ ఒక టర్న్‌లో ఎక్కువలో ఎక్కువ ఎన్నిసార్లు కొట్టగలదో చూడండి.

ఇప్పుడు మా బార్డ్. మూడో లెవెల్, చరిస్మా 16 (దాని మాడిఫయర్ +3), ఇన్‌స్పిరేషన్ డై డి6, లాంగ్ రెస్ట్‌కి (రాత్రి నిద్రకి) మూడుసార్లు. హాస్యవంతకి మొదటి వెర్షన్ ఇది:

*"ఇన్‌స్పిరేషన్ ఇచ్చినప్పుడు 30 అడుగుల్లోని మనవాళ్ళందరికీ డై + చరిస్మా మాడిఫయర్ అన్ని టెంపరరీ హిట్ పాయింట్లు."*

ఒక్కొక్కరికి 3.5 + 3 = 6.5. ఐదుగురికి 32.5. అదే లెవెల్‌లో కాన్‌స్టిట్యూషన్ 14 ఉన్న ఫైటర్ మొత్తం హిట్ పాయింట్లు 28. అంటే ఒక్క బోనస్ యాక్షన్‌తో ఒక ఫైటర్ కన్నా ఎక్కువ రక్తం పుట్టించాం. ఒక స్పెల్ స్లాట్ (మంత్రాల కోటాలో ఒకటి) ఖర్చుపెట్టి, యాక్షన్ వాడి చేసే క్యూర్ వూండ్స్ అనే గాయాలు మాన్పే మంత్రం ఇచ్చేది 7.5. కాగితం మీద ఈ అంకె వేయకముందు ఆ ఫీచర్ మాకు ముచ్చటగానే కనిపించింది.

అధికారిక కొలబద్ద కోసం 2017లో వచ్చిన గ్లామర్ బార్డ్‌ను చూశాం. అది ఒక ఇన్‌స్పిరేషన్‌ను పూర్తిగా ఖర్చుపెట్టి, చరిస్మా మాడిఫయర్ అంతమందికి తలా 5 ఇస్తుంది. అంటే మొత్తం 15, దానితో పాటు కదిలే అవకాశం. మాది డైని ఖర్చుపెట్టకుండానే ఇస్తుంది కాబట్టి 15కి చాలా కిందే ఉండాలి. చివరికి ఇద్దరికి, తలా చరిస్మా మాడిఫయర్ అంత. మొత్తం 6. గోబ్లిన్ ఒక దెబ్బ సగటు 5.5. అంటే "ఒక గోబ్లిన్ దెబ్బ తుడిచేస్తుంది." నాకు ఇలాంటి వాక్యం వచ్చేదాకా ఒక ఫీచర్ అర్థమైనట్టు అనిపించదు.

రాజకీయవంతలో నేను ఎదురు తప్పు చేశాను. శత్రువు తర్వాతి ఎటాక్‌కి డిసడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవడం) అన్నాడు కుర్రాడు. సేవింగ్ త్రో (తప్పించుకోవడానికి శత్రువు వేసే పాచిక) లేకుండా డిసడ్వాంటేజా, అమ్మో అని విజ్డమ్ సేవ్ పెట్టాను. తర్వాత లెక్క వేస్తే: ఓగర్ (భారీ రాక్షసుడు) ఎటాక్ +6, సగటు డ్యామేజ్ 13. ఆర్మర్ క్లాస్ 15 మీద తగిలే అవకాశం నూటికి 60, డిసడ్వాంటేజ్‌తో 36. మనకు తప్పిన డ్యామేజ్ 3.1. బార్డ్ సేవ్ డీసీ (సేవ్‌లో అందుకోవాల్సిన అంకె) 13, ఓగర్ విజ్డమ్ -2. సేవ్‌లో ఫెయిలయ్యే అవకాశం నూటికి 70. అప్పుడు తప్పేది 2.2. పక్కనున్న హాస్యవంత 6 ఇస్తుంటే, రెండు పాయింట్ల కోసం ఇంకో డై ఎందుకు వేయాలి? సేవ్ తీసేశాను.

భయపెట్టే మాటకీ అసలు బలానికీ ఇంత తేడా ఉంటుంది. డిసడ్వాంటేజ్ ఒక్క ఎటాక్‌కే అయితే చిన్నది, రౌండ్ (అందరికీ ఒక్కో టర్న్) మొత్తానికి అయితే పెద్దది.

ఈ మెట్టు చెక్‌లిస్ట్:

- ఒక్కసారి వాడితే ఎన్ని పాయింట్లు?
- ఒక ఫైట్‌లో, ఒక రోజులో ఎన్నిసార్లు?
- పార్టీలో అందరూ లెక్కలోకి వస్తే ఎంత?
- అదే లెవెల్ మంత్రం ఏదైనా ఇదే పని చేస్తోందా? దాని ఖర్చెంత?

## 7. మీ టేబుల్‌లో రోజు ఎంత పొడవు

2014 డీఎం గైడ్ ఒక సాహసదినంలో ఆరు నుంచి ఎనిమిది మీడియం లేదా హార్డ్ ఫైట్లు ఉంటాయని లెక్కగట్టింది. మా ఆదివారం ఇలా ఉంటుంది: పదింటికని చెబితే, వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చేవాడు పదకొండుకి, సిల్క్ బోర్డ్ దాటి రావాల్సినవాడు పదకొండున్నరకి. మధ్యలో బిర్యానీ. నాలుగింటికి అందరూ లేస్తారు. ఒక ఫైట్, మహా అయితే రెండు. తర్వాత క్యారెక్టర్లు పడుకుంటాయి.

ఇలాంటి టేబుల్‌లో "లాంగ్ రెస్ట్‌కి ఒకసారి" అంటే "ఫైట్‌కి ఒకసారి" అనే అర్థం. పుస్తకం లెక్కన రోజుకోసారి వాడే పెద్ద శక్తి ఇక్కడ ప్రతి ఫైట్‌లోనూ దిగుతుంది. షార్ట్ రెస్ట్‌తో తిరిగొచ్చేవి పెట్టుకున్నవాడు నష్టపోతాడు.

సరిచేసే దారి: మీ టేబుల్‌లో ఫైట్లు తక్కువైతే లాంగ్ రెస్ట్ ఫీచర్ బలం తగ్గించి, అందుకు బదులు తరచూ వాడుకునేలా రాయండి. "రోజుకొకసారి 6డి6" కన్నా "టర్న్‌కి ఒకసారి 1డి6" ఏ టేబుల్‌లోనైనా దాదాపు ఒకేలా నడుస్తుంది. మా బార్డ్ ఐదో లెవెల్ నుంచి ఇన్‌స్పిరేషన్‌ను షార్ట్ రెస్ట్‌లో తిరిగి పొందుతాడు. అందుకే ఆరో గదిలో పెట్టిన డైని కాపాడే ఫీచర్‌కి షార్ట్ రెస్ట్‌కి ఒకసారి అన్న గీత గీశాం.

## 8. రూల్‌ను తెలుగులో రాయడం

మేం తెలుగులోనే ఆడతాం కాబట్టి రూల్ కూడా తెలుగులో రాసుకున్నాం. ఇక్కడ మన భాష పెట్టే చిక్కులు మూడున్నాయి.

మొదటిది, కర్త ఎగిరిపోవడం. "తగిలితే 3 టెంపరరీ హిట్ పాయింట్లు వస్తాయి." ఎవరికి తగిలితే? ఎవరికి వస్తాయి? మాట్లాడేటప్పుడు అర్థమైపోతుంది, ఓడిపోతున్న ఫైట్‌లో అర్థం కాదు. ప్రతి వాక్యంలో "నువ్వు", "ఆ మిత్రుడు", "ఆ శత్రువు" అని పూర్తిగా రాయండి. చదవడానికి కాస్త మొరటుగా ఉన్నా ఫర్వాలేదు.

రెండోది, "వరకు". "నీ తర్వాతి టర్న్ వరకు" అంటే టర్న్ మొదలయ్యే దాకానా, ముగిసే దాకానా? ఈ ఒక్క మాట మీద మా టేబుల్‌లో పావుగంట పోయింది. "నీ తర్వాతి టర్న్ మొదలయ్యేలోపు" లేదా "ముగిసేలోపు" అని తేల్చి రాయండి.

మూడోది, "దాడి". ఎటాక్ యాక్షన్ వేరు, ఎటాక్ రోల్ వేరు, తగలడం వేరు. మూడింటికీ దాడి అని రాస్తే మూడు తగవులు వస్తాయి. యాక్షన్, రియాక్షన్, సేవ్, ఎటాక్ రోల్, డిసడ్వాంటేజ్ లాంటి ఆట మాటలను అలాగే ఉంచండి. ఫీచర్ పేర్లలో మీ తెలుగంతా చూపించుకోండి.

ఇంకో జాగ్రత్త, ఇది ఏ భాషకైనా వర్తిస్తుంది: టర్న్ వేరు, రౌండ్ వేరు. రోగ్ స్నీక్ ఎటాక్ (దెబ్బకి కలిసే అదనపు డ్యామేజ్) టర్న్‌కి ఒకసారి. ఇంకొకరి టర్న్‌లో రియాక్షన్‌తో కొట్టినా మళ్ళీ పడుతుంది. కర్రసాము ఫైటర్ కోసం నేనొకసారి "పక్కకు వచ్చినవాణ్ణి రియాక్షన్‌తో ఆయుధంతో కొట్టవచ్చు" అని రాశాను. కర్రతో అని రాయలేదు. మా రోగ్ ఆడే పిల్ల మూడు లెవెళ్ళు ఫైటర్‌లో వేసుకుని, రేపియర్ కత్తి పట్టుకుని, రౌండ్‌కి రెండుసార్లు 3డి6 వేయడం మొదలుపెట్టింది. తప్పు నాదే, తనది కాదు. "క్వార్టర్‌స్టాఫ్‌తో" అని ఒక్క మాట చేర్చి సరిచేశాను. స్నీక్ ఎటాక్‌కి ఫినెస్ (చురుకుదనంతో వాడే) ఆయుధమో దూరం నుంచి కొట్టేదో కావాలి, కర్రకి ఆ గుణం లేదు.

## 9. టేబుల్ మీద పరీక్ష

క్యాంపెయిన్‌లో నేరుగా దింపకండి. ఒక సాయంత్రం వన్‌షాట్ (ఒక్క పూటలో ముగిసే ఆట) పెట్టండి, కథ అక్కర్లేదు. మూడు సీన్లు చాలు:

1. ఒకే పెద్ద శత్రువు. మూడో లెవెల్‌కి ఒక ఓగర్.
2. చాలామంది చిన్నవాళ్ళు. ఆరేడుగురు గోబ్లిన్లు.
3. కత్తి తీయని సీన్. సంతలో ఎవరి దగ్గరో సమాచారం రాబట్టడం.

డిజైన్ చేసినవాడే ఆ క్యారెక్టర్ ఆడకూడదు. మనసులో ఉన్నది తనకు తెలుసు, కాగితం మీద లేనిది నింపేసుకుంటాడు. కాగితం ఇంకొకరికిచ్చి, నోరు మూసుకుని చూడండి. నోరు మూసుకోవడమే కష్టం.

రాసుకోవాల్సినవి ఇవే:

- "అంటే ఏంటి?" అని ఎన్నిసార్లు అడిగారు, ఏ వాక్యం దగ్గర?
- ఆ టర్న్ మిగతావాళ్ళ టర్న్ కన్నా ఎక్కువసేపు పట్టిందా?
- ఏ ఫీచర్ ఒక్కసారీ వాడలేదు?
- రెండు ఎంపికలుంటే, ఎప్పుడూ ఒకటే ఎంచుకున్నారా?

మా పరీక్షలో నాలుగోది బయటపడింది. ఎనిమిదిసార్లు ఇన్‌స్పిరేషన్ ఇస్తే ఎనిమిదిసార్లూ హాస్యవంతే. రాజకీయవంతకి అప్పటికి సేవ్ ఉండేది. ఆరో మెట్టులో చెప్పిన లెక్క నిజానికి ఈ సాయంత్రం తర్వాతే వేశాను. సేవ్ తీసేశాక రెండో పరీక్షలో ఓగర్ ముందు రాజకీయవంత, గోబ్లిన్ల ముందు హాస్యవంత వాడారు. ఆటగాడు పరిస్థితి చూసి ఎంచుకుంటున్నాడంటే రెండూ సరిగ్గా కుదిరినట్టు.

## 10. తరచూ కనిపించే తప్పులు, వాటి మరమ్మతు

ఎప్పుడూ ఉండే +2. ఎటాక్‌కో ఆర్మర్ క్లాస్‌కో శాశ్వతంగా +2 ఇవ్వడం. ఇరవై లెవెళ్ళ మొత్తంలో ప్రొఫిషియన్సీ బోనస్ +2 నుంచి +6 దాకానే పెరుగుతుంది. మీరు అందులో సగం మూడో లెవెల్‌లోనే చేతిలో పెడుతున్నారు. మరమ్మతు: ఎప్పుడో ఒకసారి, ఒక్క రోల్‌కి మాత్రమే ఇవ్వండి, లేదా డై రూపంలో ఇవ్వండి.

కోళ్ళ గంప. "ఒక ప్రాణిని చంపినప్పుడు హిట్ పాయింట్లు తిరిగొస్తాయి" అని రాస్తే ఎవడో ఒకడు కోళ్ళ గంప కొని వీపుకి కట్టుకుంటాడు. మరమ్మతు: "నీకు హాని చేయాలని చూస్తున్న శత్రువు" అని రాయండి, పైన ఎన్నిసార్లో హద్దు పెట్టండి.

లోపంతో తూకం వేయడం. "విపరీతమైన బలం, కానీ పగటి వెలుగులో చూపు ఆనదు." బలం ప్రతి సెషన్‌లోనూ పనిచేస్తుంది, లోపం మాత్రం డీఎం గుర్తుపెట్టుకుంటేనే పనిచేస్తుంది. ఆటగాడు గొడుగు కొంటాడు, మీ తూకం అంతటితో అయిపోయింది. నేను ఇలాంటివి చదవడమే మానేశాను. బలమే తగ్గించండి.

ఎక్కడా లేని కొత్త పాయింట్లు. క్రోధం పాయింట్లు, పుణ్యం పాయింట్లు, శ్రుతి పాయింట్లు. క్లాస్‌లో ఇప్పటికే లెక్కపెట్టుకునేది ఒకటుంటే దాన్నే వాడండి.

సేవ్ డీసీ గాలిలో. "డీసీ 15" అని రాస్తే మూడో లెవెల్‌లో ఎక్కువ, పదిహేనులో తక్కువ. 8 + ప్రొఫిషియన్సీ + మాడిఫయర్ అని రాయండి.

ఒకే లెవెల్‌లో నాలుగు ఫీచర్లు. కాగితం ఒకవైపే అన్నది గుర్తుచేసుకోండి.

## 11. డీఎంకి ఇచ్చేటప్పుడు

"ఆడొచ్చా?" అని అడగకండి. "మూడు సెషన్లు ఆడి చూస్తాను, మధ్యలో ఏ అంకె మార్చమన్నా మారుస్తాను" అని చెప్పి, లెక్క రాసిన కాగితం కూడా ఇవ్వండి. చాలామంది డీఎంల భయం ఫీచర్ గురించి కాదు, తర్వాత తగ్గించమంటే మీరు అలుగుతారని.

బయట పంచుకోవాలంటే ఒక విషయం. ఎస్ఆర్‌డీ 5.1ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 లైసెన్స్ కింద విడుదల చేశారు. అందులోని రూల్స్ వాడుకుని మీది రాయవచ్చు, పంచవచ్చు, అమ్మవచ్చు కూడా. ఆ పత్రంలోనే ఉన్న క్రెడిట్ వాక్యం మీ కాగితం చివర పెట్టాలి. అందులో లేని సబ్‌క్లాస్‌ల టెక్స్ట్ కాపీ కొట్టకండి. బార్డ్‌లో లోర్ కాలేజ్ ఉంది, గ్లామర్ లేదు. ఫైటర్‌లో ఛాంపియన్ ఉంది, బ్యాటిల్ మాస్టర్ లేదు.

## 12. మా కాగితం ఇప్పుడున్న తీరు

బుర్రకథ బార్డ్

3వ లెవెల్, తందాన వంతలు. నువ్వు ఒక మిత్రుడికి బార్డిక్ ఇన్‌స్పిరేషన్ ఇచ్చినప్పుడు కింది రెంటిలో ఒకటి ఎంచుకో.

- *హాస్యవంత:* ఆ మిత్రుడికీ, ఆ మిత్రుడికి 30 అడుగుల్లో ఉన్న ఇంకొక మిత్రుడికీ నీ చరిస్మా మాడిఫయర్ అన్ని టెంపరరీ హిట్ పాయింట్లు వస్తాయి.
- *రాజకీయవంత:* నీకు 30 అడుగుల్లో ఉండి, నీకు కనబడుతూ, నీ మాట వినగల ఒక శత్రువును ఎంచుకో. నీ తర్వాతి టర్న్ మొదలయ్యేలోపు ఆ శత్రువు చేసే మొదటి ఎటాక్ రోల్‌కి డిసడ్వాంటేజ్.

6వ లెవెల్, రచ్చబండ. పది నిమిషాలు కథ చెప్పి జనాన్ని పోగుచేస్తే, ఆ ఊరి గురించి డీఎంను ఒక ప్రశ్న అడుగు: ఇక్కడివాళ్ళు ఎవరికి భయపడుతున్నారు, ఎవరి మీద కోపంగా ఉన్నారు, దేన్ని దాస్తున్నారు? డీఎం నిజం చెప్పాలి. లాంగ్ రెస్ట్‌కి ఒకసారి. దీనితో పాటు, ఒక మిత్రుడు నువ్విచ్చిన డై కలుపుకున్నా రోల్ ఫెయిలైతే ఆ డై ఖర్చవదు. షార్ట్ రెస్ట్‌కి ఒకసారి.

14వ లెవెల్, ఇద్దరూ ఒకేసారి. ఇన్‌స్పిరేషన్ ఇచ్చినప్పుడు రెండు వంతలూ పనిచేస్తాయి. హాస్యవంత ఇద్దరికి బదులు ముగ్గురికి వర్తిస్తుంది.

మా పార్టీ ఇప్పుడు 7లో ఉంది, 14 ఇంకా టేబుల్ చూడలేదు. రచ్చబండను మాత్రం ఇప్పటికే ఒకసారి సరిచేయాల్సి వచ్చింది. మొదట్లో అందులో "డీఎం నిజం చెప్పాలి" అన్న వాక్యం లేదు. మా డీఎం ఒక ఊళ్ళో హాయిగా అబద్ధం చెప్పాడు.